రీబూట్ చేసి చూశావా?

మెషిన్ రూమ్, బస్సు డిపో
ఫిబ్రవరి 6

పూజ్యురాలైన పిన్ని పాదపద్మములకు,

ముందుగా క్షమాపణలు. ఒకటీ రెండూ కాదు, టోకున. ఏడాదిన్నరగా ఉత్తరం ముక్క రాయనందుకు, నీ పుట్టినరోజు రెండుసార్లు మర్చిపోయి మూడోసారి తప్పుడు నెలలో శుభాకాంక్షలు పంపినందుకు, చిన్నప్పుడు నీ రేడియో విప్పి మళ్ళీ బిగించాక నాలుగు స్క్రూలు మిగిల్చినందుకు, మొన్నటి వానకి, రాబోయే ఎండకి, ఈ ఉత్తరంలో ముందు ముందు రాబోయే ప్రతి వాక్యానికి నన్ను క్షమించు. వీటిలో కొన్నిటికి నేను బాధ్యుణ్ణి కానని వాదించగలను. అయినా వాదించను. క్షమించడం మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో ఆపలేరని నా ధీమా.

ఉభయకుశలోపరి అని రాయాలట. ఆ ఉభయంలో నా వాటా కుశలంగా లేదు.

సంగతి ఇది. మా డిపోలో ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో, ఏ కండక్టరు ఏ రూటుకి వెళ్ళాలో రోజూ ఒక డ్యూటీ చార్టు వస్తుంది. ఆ చార్టు తయారుచేసేది ఒక సర్వర్. అది నడిచేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఆ సర్వర్‌ని నడిపేది పెద్దాయన. పెద్దాయనకి కావలసినప్పుడు స్క్రూడ్రైవరూ, అక్కర్లేనప్పుడు సలహాలూ అందించేది నేను. నా ఉద్యోగం పేరు తాత్కాలిక సహాయకుడు. రెండు పదాల్లోనూ గౌరవం లేదు, గమనించు.

జూలై ఆఖరుకి పెద్దాయన రిటైరవుతున్నారు. మేనేజరమ్మ నన్ను పిలిచి తేల్చి చెప్పింది: "ఆలోగా లినక్స్ అడ్మినిస్ట్రేషన్ పరీక్ష పాసయ్యావా, గది నీకు అప్పజెప్తాం, ఉద్యోగం ఖాయం. లేదా, గదికి తాళం వేసి పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాం. పరీక్ష ఫీజు ఒక్కసారే కట్టగలం. తప్పితే నేనేం చెయ్యలేను బాబూ." అంటే ఆగస్టు ఒకటిన నేను సర్వర్ ముందైనా ఉంటాను, వీధిలోనైనా ఉంటాను.

పరీక్షంటే ఎ, బి, సి, డిలు కావు పిన్నీ. నలుగురిలో ఒకణ్ణి వేలుపెట్టి చూపించి తప్పించుకునే పరీక్షలతోనే నేను పట్టభద్రుణ్ణయ్యాను. ఇక్కడ రెండు మెషిన్లు ఇస్తారు, మూడు గంటలు ఇస్తారు, ఇరవై పైచిలుకు పనులు ఇస్తారు. చేసి చూపించాలి. ఇంటర్నెట్ ఉండదు. పక్కవాడు ఉండడు. నేను తప్ప ఎవరూ ఉండరు. భయం అందుకే.

మన వంశంలో ఈ విద్య తెలిసినదానివి నువ్వొక్కదానివే. ఆసుపత్రి కంప్యూటర్లని ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నదానివి. నాకు నేర్పు. ఫోన్ చేద్దామంటే మీ అక్క వద్దంది. "ముందు ఉత్తరం రాసి బుద్ధిగా అడుగు, ఆ పిల్లకి అలా అడిగితేనే ఇష్టం" అంది. నిన్ను పిల్ల అన్నది మీ అక్క, నేను కాదు.

శరణార్థి,
నీ అక్క కొడుకు, నా వాదనలు భరించలేక నువ్వే పేరు పెట్టిన వకీలు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 11

చిరంజీవి వకీలుకి ఆశీస్సులు.

నీ క్షమాపణలు అందాయి. రేడియోది తప్ప మిగతావన్నీ కొట్టేశాను.

నేర్పుతాను. కానీ నా పద్ధతిలో. నోటితో "సరే పిన్నీ" అనకు, ఈ కాగితం కింద సంతకం పెట్టుకుని గోడకి అంటించుకో.

ఫోన్ చెయ్యకు. ఏ సందేహం వచ్చినా కాగితం మీద రాసి పోస్టులో వెయ్యి. నా దగ్గరికి రావడానికి నాలుగు రోజులు, జవాబు రావడానికి నాలుగు రోజులు. ఆ ఎనిమిది రోజులూ నువ్వు ఊరికే కూర్చోలేవు, నీ సంగతి నాకు తెలుసు. మెషిన్‌లోనే మాన్యువల్ పేజీలు ఉంటాయి. అవి చదువుకుంటూ తంటాలు పడతావు. పరీక్ష గదిలో నీకు తోడుండేవి అవే, నేను కాదు. నాకంటే ముందు వాటితో స్నేహం చెయ్యి.

రెండు పాత మెషిన్లు సంపాదించు. డిపో సర్వర్ మీద చెయ్యి వెయ్యకు. మళ్ళీ రాస్తున్నాను: చెయ్యి వెయ్యకు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఏ పని చేసినా, అయిపోయింది అనుకున్నాక మెషిన్‌ని రీబూట్ చెయ్యి. అది మళ్ళీ లేచాక కూడా నువ్వు చేసిన పని అలాగే నిలబడి ఉంటేనే అయిపోయినట్టు. పరీక్షలో దిద్దేవాళ్ళు ముందు రీబూట్ చేస్తారు, తర్వాతే దిద్దుతారు. ఆ రీబూట్‌లో చెరిగిపోయిందానికి మార్కు లేదు. నువ్వు ఏ ఉత్తరం రాసినా నేను మొదట అడిగేది ఒకటే: రీబూట్ చేసి చూశావా?

మీ బాబాయి నిన్ను అడిగానన్నారు. చదువుకో.

పిన్ని


మెషిన్ రూమ్, బస్సు డిపో
మార్చి 2

పూజ్యురాలైన, మరియు నిర్దయురాలైన పిన్నికి,

సంతకం పెట్టి గోడకి అంటించాను. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, "ఈవిడెవరో గానీ నాకు ముప్ఫై ఏళ్ళ కిందట దొరికుంటే బావుండేది" అన్నారు. బాబాయికి చెప్పకు.

డిపో స్టోరులో పడేసిన రెండు మెషిన్లు ఇప్పించారు. ఒకదాన్ని తుడిస్తే బస్సు టికెట్లు రాలాయి. వాటికి అత్త, కోడలు అని పేర్లు పెట్టాను. ఎందుకంటే పక్కపక్కనే కూర్చుంటాయి గానీ ఒకదానితో ఒకటి మాట్లాడవు. కేబుల్ మార్చాను, చిరునామాలు ఇచ్చాను, బతిమాలాను. కోడలు పలకరిస్తుంది, అత్త పలకదు. ఈ విషయమై నీకు మూడు పేజీల ప్రశ్న రాసి, కవరు అంటించి, పోస్టాఫీసు దాకా నడిచాను. డబ్బా ముందు నిలబడ్డాక తట్టింది. రెండింటికీ ఒకే చిరునామా ఇచ్చాను! కవరు వెనక్కి పట్టుకొచ్చి, సరిచేసి, ఇదిగో, ఆ మూడు పేజీల బదులు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ కుట్ర నాకు అర్థమైంది. నువ్వు జవాబులు చెప్పడం లేదు. పోస్టు డబ్బాని గురువుగా పెట్టి నువ్వు హాయిగా కూర్చున్నావు.

ఇప్పుడు నిజమైన సందేహం. లినక్స్‌లో ఒక కాపలావాడు ఉంటాడు కదా, ఏ ప్రోగ్రాము ఏ ఫైలు ముట్టుకోవచ్చో చూసేవాడు. వెబ్‌సైటు ఫైళ్ళు కొత్త చోట పెడితే వాడు అడ్డం పడుతున్నాడు. అందరూ చెప్పేది ఒకటే: వాణ్ణి ఆపేస్తే సరిపోతుందని. ఆపేశాను, సరిపోయింది. ఇది పాపమా?

అవును, రీబూట్ చేసి చూశాను. అడక్కముందే చెప్తున్నాను. అడిగే సుఖం నీకు దక్కనివ్వను.

వకీలు


ఇంటి నుంచి
మార్చి 7

చిరంజీవి వకీలుకి,

పాపమే. కాపలావాణ్ణి చంపేసి ఇల్లు భద్రంగా ఉందని చెప్పే మొహం నీది. వాడు నిన్ను ఎందుకు ఆపాడో చిట్టా రాసిపెడతాడు. అది చదువు. ఆ ఫైళ్ళకి తగిలించాల్సిన చీటీ వేరే ఉంది, అది తగిలించు, వాడే దారి వదులుతాడు. ఆ చీటీ రీబూట్ తర్వాతా నిలవాలి, ఎవరైనా చీటీలన్నీ సర్దినా నిలవాలి. నిలిచేదీ, నిలవనిదీ, రెండు రకాలూ ఉన్నాయి. ఏది ఏదో నేను చెప్పను. ఎనిమిది రోజులు.

ఆసుపత్రిలో ఒకసారి నేనూ వాణ్ణి ఆపాను. ఎక్స్‌రే బొమ్మలు రావట్లేదని ఆపరేషన్ థియేటర్ నుంచి కేకలు. ఆపగానే బొమ్మలు వచ్చాయి, అందరూ చప్పట్లు. ఆ తర్వాత ఆరు నెలలపాటు ఏం చేసినా నాకు లోపల గుబులే. చప్పట్లు విని పని అయిందనుకోకు.

డిస్కులు, వాటి వాటాలు, ఉన్న చోటు నిండిపోతే పెంచడం, ఇవి రోజూ చెయ్యి. పాస్‌వర్డ్ తెలియని మెషిన్‌లోకి వెళ్ళడం కళ్ళు మూసుకుని చెయ్యాలి. పరీక్షలో ఒక మెషిన్ తాళం వేసి ఇస్తారు. అది తెరవలేకపోతే దాని మీది పనులన్నీ పోయినట్టే.

కాగితాలు అయిపోయాయి. అందుకే చేతికందిన ఈ అచ్చు చీటీల వెనక రాస్తున్నాను, సర్దుకో.

పిన్ని


మెషిన్ రూమ్
ఏప్రిల్ 19

పిన్నికి,

బాగున్నాను. చదువు బాగా సాగుతోంది. డిస్కులు రోజూ చేస్తున్నాను. పాస్‌వర్డ్ లేని మెషిన్ నాలుగు నిమిషాల్లో తెరుస్తున్నాను. జూలై రెండున పరీక్ష తేదీ ఇచ్చారు. పెద్దాయన బాగున్నారు. అమ్మ బాగుంది. ఇక్కడ ఎండలు ముదిరాయి. బాబాయికి నమస్కారాలు.

ఇట్లు,
వకీలు


ఇంటి నుంచి
ఏప్రిల్ 24

ఒరేయ్,

ఏం పగలగొట్టావు?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క జోకు లేదు. "ఇట్లు" అట! మీ అమ్మ కడుపున పుట్టినప్పటి నుంచీ నువ్వు ఎండల గురించి నాకు చెప్పింది లేదు. పక్కన కూర్చున్నావిడకి చూపిస్తే ఆవిడ కూడా "ఈ అబ్బాయి ఏదో దాస్తున్నాడండీ" అంది. పాపం, ఆవిడకి నువ్వెవరో కూడా తెలియదు.

తిట్టను. తిట్టనని రాతపూర్వకంగా ఇస్తున్నాను. జరిగింది జరిగినట్టు, వరసగా, ఏ గంటకి ఏం చేశావో రాయి. మెషిన్లు పడుకున్నప్పుడు మనకి అక్కరకొచ్చేది అదే.

పిన్ని


మేడ మీది గది నుంచి
ఏప్రిల్ 30

పిన్నీ,

వరసగా రాస్తున్నాను.

ఏప్రిల్ 10. టైమింగ్ ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టారు. చార్టు అక్కడ అచ్చవ్వాలంటే ఆ కంప్యూటర్‌కి మన సర్వర్‌లోకి ఒక దారి తెరవాలి. పెద్దాయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే తొందరలో ఉన్నారు. "నేను చేస్తాను" అన్నాను. "చేస్తావా?" అన్నారు. "అత్తాకోడళ్ళ మీద నలభైసార్లు చేశాను" అన్నాను. చేశాను. చార్టు అచ్చయింది. టైమింగ్ గుమాస్తా నా భుజం తట్టాడు. చప్పట్లు.

రీబూట్ చెయ్యలేదు. అది అసలు సర్వర్ కదా, మధ్యాహ్నం పూట ఎలా ఆపను అనుకున్నాను. కనీసం దారి తెరిచినట్టు గదిలో రోజువారీ పనులు రాసే పుస్తకంలో కూడా రాయలేదు.

ఏప్రిల్ 15. కరెంటు మరమ్మతు కోసం పన్నెండింటికి సర్వర్ ఆపారు, ఒంటిగంటకి మళ్ళీ లేపారు. నేను తెరిచిన దారి అప్పటికి మాత్రమే తెరిచింది, శాశ్వతంగా కాదు. రీబూట్‌లో చెరిగిపోయింది. రెండింటికి షిఫ్టు మారాలి. చార్టు రాదు. పెద్దాయన మళ్ళీ కళ్ళ డాక్టరు దగ్గరే ఉన్నారు. నాకు ఏప్రిల్ 10 గుర్తు రాలేదు. కంగారులో ఇంకో మూడు చోట్ల చెయ్యి పెట్టాను. దాంతో టైమింగ్ ఆఫీసు సరే, నేను కూడా సర్వర్‌లోకి వెళ్ళలేకపోయాను.

రెండుంబావుకి ఆవరణలో నూట ఎనభై మంది. బస్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరు ఏది ఎక్కాలో ఎవరికీ తెలియదు. ఒక డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "తమ్ముడూ, నేనేమన్నా సొంత కారులో తిరగాలా ఈ రోజు?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండున్నరకి పెద్దాయన వచ్చారు. కళ్ళలో మందు వేశారు, అక్షరాలు కనబడటం లేదు. ఒక సుద్దముక్క నా చేతికిచ్చి, "నేను చెప్తాను, నువ్వు గోడ మీద రాయి" అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ చార్టులు ఆయన తలలో ఉన్నాయి పిన్నీ. ఏ డ్రైవరుకి నడుం నొప్పో, ఎవరు ఏ రూటులో మలుపులకి భయపడతారో అన్నీ కలిపి చెప్పారు. నూట ఎనభై పేర్లు రాశాను. మూడుంబావుకి మొదటి బస్సు కదిలింది.

మేనేజరమ్మ వచ్చి "ఎవరు చేశారిది?" అంది. పెద్దాయన, "నా గదిలో జరిగింది. నాదే" అన్నారు. నేను నోరు తెరిచేలోపు, "నువ్వు సుద్ద కడుక్కో" అన్నారు.

ఆవిడకి అంతా తెలుసు. వెళ్తూ వెళ్తూ, "జూలై రెండు, గుర్తుందిగా" అంది నాతో.

పరీక్ష రాయొద్దని అనిపిస్తోంది. నూట ఎనభై మందిని ఎండలో నిలబెట్టినవాడికి కాగితం ఎందుకు? నీ మాట గోడ మీదే ఉంది. కింద నా సంతకంతో.

ఒకటి అడుగుతాను, తిట్టకు. నువ్వు రాసిన చీటీల ముందు వైపు చూశాను. అవి రోగుల రిజిస్ట్రేషన్ చీటీలు. మూడో కౌంటర్ అని ముద్ర ఉంది. మూడు ఉత్తరాలూ ఇంటి నుంచి అని రాశావు. ఎప్పుడూ ఆసుపత్రి కంప్యూటర్ గది నుంచి అని రాసేదానివి. ఆ పక్కన కూర్చున్నావిడ ఎవరు పిన్నీ?

వకీలు


ఆసుపత్రి ముందు హాలు, మూడో కౌంటర్
మే 6

నాన్నా,

ఈ ఉత్తరం చదివి చించెయ్.

పోయినేడు జూన్‌లో ఆసుపత్రివాళ్ళు కంప్యూటర్ గదిని బయటి కంపెనీకి ఇచ్చేశారు. గదిలో ఒకరిని ఉంచుకుంటామన్నారు, ఈ పరీక్ష పాసైనట్టు కాగితం చూపించమన్నారు. నా దగ్గర లేదు. ఇరవై రెండేళ్ళు ఆ మెషిన్లని నడిపాను, కాగితం లేదు. ఇంకో ఎనిమిదేళ్ళు సర్వీసు ఉంది కాబట్టి తీసెయ్యలేక రిజిస్ట్రేషన్‌లో కూర్చోబెట్టారు. మీ బాబాయికి తెలుసు. మీ అమ్మకి చెప్పలేదు. నా పక్కన కూర్చునేది నాలుగో కౌంటర్ ఆవిడ, మంచి మనిషి.

కాగితం ఎందుకు లేదంటావా? రాయక కాదు. రెండుసార్లు రాశాను.

మొదటిసారి, తొమ్మిదేళ్ళ కిందట. పనులన్నీ చేశాను. ఒక్కొక్కటీ పరీక్షించి చూశాను, అన్నీ పని చేస్తున్నాయి. ఇరవై నిమిషాలు మిగిలింది. అందరికంటే ముందు లేచి, తల ఎత్తుకుని బయటికి వచ్చాను. అవి ఆ క్షణానికి పని చేస్తున్నాయి, అంతే. రీబూట్ చేశాక సగం నిలబడలేదు. ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి తెలుసు కదా, ఆఖర్న రీబూట్ చేశాను. నేను డిస్కు చేర్చిన మెషిన్ మళ్ళీ లేవనే లేదు. ఎక్కడ తప్పో వెతకడానికి నాలుగు నిమిషాలే ఉన్నాయి. ఆ నల్లటి తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి పరీక్ష వాయిదా పడిందన్నాను. మీ బాబాయి ఇంకెప్పుడూ అడగలేదు. తెలిసే అడగలేదనుకుంటాను.

అందుకే నిన్ను అన్నిసార్లు విసిగించాను. నా మాట పద్ధతిలా కనబడుతుంది గానీ, అది నా దెబ్బ.

నువ్వు నూట ఎనభై మందిని గంటకి పైగా నిలబెట్టావు. మళ్ళీ నిలబెట్టవు, ఎందుకంటే ఇప్పుడు నీకూ ఆ దెబ్బ తెలుసు. నేను పనికిరానిదాన్నని తేల్చుకుని ఎనిమిదేళ్ళుగా మూడోసారి రాయలేదు. నువ్వు మొదటిసారే రాయనంటున్నావు. ఆ విషయంలో నన్ను మించిపోకు.

రీబూట్ ఆఖర్న చెయ్యకు. ముప్పావుగంట ఉండగా చెయ్యి. పడిపోతే లేపుకోవడానికి టైముండాలి. ఇది మాన్యువల్ పేజీలో ఉండదు. ఇది మాత్రం నేను చెప్తున్నాను.

ఇంకో మాట. ఇదివరకు ఆ గదిలో రోజంతా ఎవరో ఒకరు వచ్చి, "మేడమ్, ఇది ఎందుకు రావట్లేదు? అది ఎలా?" అని అడిగేవారు. విసుక్కునేదాన్ని. ఇప్పుడు రోజుకి మూడొందల మందిని నేనే అడుగుతున్నాను. పేరు? వయసు? ఇంతకుముందు వచ్చారా? నన్ను ఎవరూ ఏమీ అడగరు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు కౌంటర్లో కూర్చుని చదివాను. వరసలో వాళ్ళు కేకలేశారు. వెయ్యనిచ్చాను.

పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు. ఆ సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే పరీక్ష రాయి.

పిన్ని


మెషిన్ రూమ్, బస్సు డిపో
జూన్ 20

మూడో కౌంటర్ మహారాణి గారి సముఖానికి,

చించేశాను. చదివి చించమన్నావు కానీ ఎన్నిసార్లు చదివాక అనేది అందులో రాయలేదు. వకీళ్ళతో వ్యవహరించేటప్పుడు ఇలాంటివి స్పష్టంగా రాయాలి.

నీ ఉత్తరం అందిన మర్నాడే మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి ఏప్రిల్ పది నుంచి పదిహేను దాకా జరిగింది మొత్తం వరసగా చెప్పాను. "తెలుసు. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను" అంది. పెద్దాయన నా మీద రెండు రోజులు అలిగారు, తన అబద్ధాన్ని పాడుచేశానని.

ఇప్పుడు రోజూ అత్తాకోడళ్ళని ఇరవైసార్లు పడుకోబెట్టి లేపుతున్నాను. అవి లేవకుండా ఉండటానికి ఎన్ని రకాలున్నాయో అన్నీ చేసి చూస్తున్నాను. నువ్వు చెప్పిన ఆ నల్లటి తెరని కావాలని తెప్పించుకుని, దాని ముందు టీ తాగుతున్నాను. ముందు ఆరు నిమిషాలు పట్టేది లేపడానికి. ఇప్పుడు రెండున్నర.

ఈ ఉత్తరంలో ప్రశ్నలు పదకొండు. పక్కన జతచేసిన కాగితంలో ఉన్నాయి. పరీక్షలోపు జవాబులు అందాలంటే నువ్వు కౌంటర్లో కూర్చుని రాయక తప్పదు. వరసలో వాళ్ళు కేకలేస్తారేమో. వెయ్యనీ.

వకీలు


మూడో కౌంటర్
జూన్ 25

చిరంజీవి వకీలుకి,

పదకొండుకీ జవాబులు వెనక ఉన్నాయి. ఏడోది నాకూ తెలియలేదు. మాన్యువల్ చదివి తెలుసుకున్నాను. చాలా రోజుల తర్వాత అలా కూర్చుని చదివాను. నాలుగో కౌంటర్ ఆవిడ నా వరసని కూడా తనే చూసింది.

ముందు ప్రశ్నలన్నీ చదువు. తాళం వేసిన మెషిన్ తెరువు. నీళ్ళు తాగు. ముప్పావుగంట ఉండగా రీబూట్. జోకులు వెయ్యకు, పరీక్ష గది కెమెరాలో నిన్ను చూసేవాళ్ళకి తెలుగు రాకపోవచ్చు.

పిన్ని


మెషిన్ రూమ్, బస్సు డిపో
జూలై 9

పూజ్యురాలైన పిన్ని పాదపద్మములకు,

మూడొందలకి రెండొందల డెబ్భై ఒకటి. రెండొందల పది వస్తే పాసు.

ఈ వాక్యం రాయడం కోసం నాలుగు కాగితాలు చింపాను. ఒకదాంట్లో "విజయదుందుభులు" అనే మాట వచ్చింది, సిగ్గేసి చింపాను.

జరిగింది జరిగినట్టు, వరసగా. గది నిండా చల్లటి గాలి, ఎదురుగా కెమెరా. తాళం వేసిన మెషిన్ మూడు నిమిషాల్లో తెరిచాను. నువ్వు చెప్పినట్టు నీళ్ళు తాగాను. రెండు గంటల పన్నెండు నిమిషాలకి ఇరవై రెండింటిలో ఇరవై ఒకటి అయ్యాయి. అన్నీ పని చేస్తున్నాయి. ఇరవై రెండోది మొదలుపెట్టబోయి టైము చూశాను. సరిగ్గా నలభై ఎనిమిది నిమిషాలుంది. ఆ ఒక్క పనీ చేసేసి రీబూట్ చేద్దామని చెయ్యి పీకింది. ఆపేశాను. రెండు మెషిన్లూ రీబూట్ చేశాను.

మొదటిది లేచింది. కానీ దాని మీది వెబ్‌సైటు లేవలేదు. నడిపించాను గానీ, లేచిన ప్రతిసారీ నడవమని చెప్పలేదు. చెప్పాను. రెండోది లేవలేదు.

నల్లటి తెర. డిస్కు దొరకలేదంటోంది. నువ్వు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావన్నావే, ఆ కుర్చీలో నేనున్నాను. తేడా ఒక్కటే. నీకు నాలుగు నిమిషాలున్నాయి, నాకు నలభై ఉన్నాయి. ఆ ముప్ఫై ఆరు నిమిషాలూ నువ్వు ఇచ్చినవి. మెషిన్ లేచేటప్పుడు చదివే డిస్కుల జాబితాలో తప్పు పట్టుకునేసరికి ముప్ఫై నిమిషాలు పోయాయి, నేను చేర్చిన వరసలో రెండు డిస్కుల గుర్తులు తారుమారుగా రాసి ఉన్నాను. సరిచేశాను. మళ్ళీ రీబూట్. లేచింది. నమ్మకం కుదరక ఇంకోసారి. మళ్ళీ లేచింది. ఇరవై రెండోది చెయ్యడానికి టైము చాలలేదు, వదిలేశాను. అది చెయ్యని బాధ నాకు ఈ జన్మలో ఉండదు.

మేనేజరమ్మ ఉత్తర్వు ఇచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి గది నాది. నా పేరు ముందు "తాత్కాలిక" తీసేశారు, "సహాయకుడు" కూడా తీసేశారు. పెద్దాయన ఉత్తర్వు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, "ఇక ఈ సుద్ద నువ్వుంచుకో" అన్నారు. అమ్మ ఏడ్చింది. నేను పాసైనందుకు కాదు, నువ్వు కౌంటర్లో ఉన్నావని తెలిసి. నేను చెప్పలేదు, ఒట్టు. బాబాయి చెప్పారట. మీ అక్క నీకు ఉత్తరం రాస్తోంది. పోస్టు డబ్బా బద్దలవుతుంది, కాచుకో.

థాంక్స్ అనే మాట రాయాలి. మన ఇంట్లో ఎవరూ ఎవరికీ ఆ మాట చెప్పుకోరు, అదేదో వేరే వాళ్ళకి చెప్పేదన్నట్టు ఉంటుంది. అయినా ఒకసారి రాస్తున్నాను, మళ్ళీ రాయను, చదువుకో: థాంక్స్ పిన్నీ. నాకు వచ్చినవాటిలో నీవి కానివి అరవై మార్కులు ఉంటాయేమో. అవి పెద్దాయనవి. నావి ఆ పోయిన ఇరవై తొమ్మిది.

ఇక ఆఖరి విషయం. నేను నీకు మొదటి ఉత్తరంలో వానకీ ఎండకీ కూడా క్షమాపణలు చెప్పాను, నేను చెయ్యనివాటికి బోలెడు చెప్పాను. ఇది మాత్రం నిజంగా చేశాను, కాబట్టి జోకు వెయ్యకుండా చెప్తాను.

నా సంగతి తెలిసి, మిగతా డిపోల నుంచి ముగ్గురిని ఇదే పరీక్షకి పంపుతున్నారు. వాళ్ళని చదువుకోవడానికి మా గదికి పంపారు. ఒకావిడ పదేళ్ళు కండక్టరుగా చేసింది. ఇంకొకాయన మెకానిక్. మూడో అతను నా వయసువాడే, నాకంటే బుద్ధిమంతుడు. ఏం చదవాలని అడిగారు. నీ ఉత్తరాలు జిరాక్సు తీయించి, పుస్తకంలా కుట్టించి, మూడు కాపీలు ఇచ్చాను. "మొహం నీది" అన్న చోట కూడా తీసెయ్యలేదు. కండక్టరమ్మకి అదే బాగా నచ్చింది. చించెయ్యమన్న ఉత్తరం అందులో లేదు, అది ఎప్పటికీ ఉండదు. నువ్వు ఆ కౌంటర్‌కి ఎలా వచ్చావో వాళ్ళకి తెలియదు. నాలుగు రోజులుగా ఎవరు ఏ పని పూర్తి చేసినా పక్కవాళ్ళు, "పిన్ని అడుగుతుంది, రీబూట్ చేసి చూశావా?" అంటున్నారు.

ముగ్గురికీ సందేహాలు వచ్చాయి. నన్ను అడిగారు. కొన్నిటికి జవాబు నాకు తెలుసు, అయినా చెప్పలేదు. కాగితం మీద రాసి పోస్టులో వెయ్యండి, నాలుగు రోజులు పడుతుంది, ఆలోగా మీరే తంటాలు పడండి అన్నాను. ముగ్గురూ రాశారు. నీ పేరు తెలియక "పిన్నిగారికి" అనే మొదలుపెట్టారు. ఈ కవరుతోపాటే ఆ మూడు కవర్లూ నీ కౌంటర్‌కి వస్తాయి.

వాళ్ళకి నీ అడ్రసు ఇచ్చింది నేనే.

వకీలు